వీఆర్ పరీక్ష మంచిదే, చేతి పని మాత్రం వదలొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

నర్సింగ్ పిల్లల ప్రాక్టికల్స్‌ని వీఆర్ (కంప్యూటర్ తయారుచేసిన వార్డుని కళ్ళ ముందు చూపించే వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌తో అసెస్ చేయడం గురించి ట్యూటర్‌గా నా మాట కూడా చెప్పాలనిపించింది. 1975లో స్కాట్లాండ్‌లో డాక్టర్ రొనాల్డ్ హార్డెన్ ఓస్కీ పద్ధతి (అందరికీ ఒకే పనులు, ఒకే మార్కుల లిస్టుతో పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) తెచ్చిందే, ఎగ్జామినర్‌ని బట్టి, దొరికిన పేషెంట్‌ని బట్టి మార్కులు మారిపోకూడదని. వీఆర్‌లో ఇంకా లాభం ఉంది, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) ముదిరి బీపీ పడిపోతుంటే పరీక్షలో ఉన్న అమ్మాయి ముందు ఏం చూసింది, డాక్టర్‌ని ఎప్పుడు పిలిచింది అన్నీ రికార్డ్ అవుతాయి, నిజం పేషెంట్ మీద ఇలాంటి పరీక్ష పెట్టలేం కదా.

కానీ బటన్ నొక్కితే కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) పెట్టడం వచ్చినట్టు కాదండి. ముసలివాళ్ళ నరం వేలి కింద జారిపోతుంది, అది హెడ్‌సెట్‌లో తెలీదు, దానికి ప్రాక్టీస్ చేసే బొమ్మ మీద, తర్వాత వార్డులో చూడాల్సిందే.

ఇంకోటి, కొందరికి హెడ్‌సెట్ పెడితే కళ్ళు తిరుగుతాయి, వికారం వస్తుంది, చాలామంది పిల్లలు అసలు దాన్ని ముట్టుకుని ఉండరు, ముందు ప్రాక్టీస్ ఇవ్వకుండా పరీక్షలో పెడితే గేమ్స్ అలవాటున్నవాళ్ళకే మార్కులు. అందులో పేషెంట్ తెలుగులో మాట్లాడాలి, "ఆయాసంగా ఉందమ్మా, గుండె దడగా ఉంది" అంటే పిల్ల ఏం అడుగుతుందో అదే కదా మనం చూడాల్సింది. యూనివర్సిటీలు కొనేముందు ట్యూటర్లనీ స్టూడెంట్లనీ కూర్చోబెట్టి అడగాలి.

- ఒక నర్సింగ్ ట్యూటర్, గుంటూరు