శనివారం మార్కెట్ వాక్ ఆపేస్తున్నాం, ఎందుకో మీకు చెప్పాలి

అందరికీ నమస్తే అండి. మాతో కలిసి సిటీలో కేఫ్‌లు, వేరే దేశాల వంటల రెస్టారెంట్లు, ఫుడ్ మార్కెట్లు తిరిగిన వాళ్ళకీ, ముందే బుక్ చేసుకుని ఎదురుచూస్తున్న వాళ్ళకీ కలిపి ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి, వచ్చే నెల నుంచి మా వాక్‌లు ఇన్నాళ్ళూ ఉన్నట్టు ఉండవు.

పోయిన నెల ఒక శనివారం 22 మందిమి చేపల మార్కెట్‌కి వెళ్ళాం. ఎప్పుడూ ఆగే స్టాల్ దగ్గరే ఆగాం. నేను ఒక చేపని ఎత్తి పట్టుకుని, కన్ను ఉబ్బెత్తుగా మెరుస్తోందా లేక లోపలికి పోయి మసకబారిందా చూడండి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉందా రంగు తిరిగిందా చూడండి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతే తీసుకోవద్దు అని చెప్పుకుంటూ పోతున్నా, మీలో చాలామంది ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. వెనకాల ఒక పెద్దావిడ చేతిసంచీతో నిలబడ్డారు. రెండుసార్లు ముందుకు రాబోయి, దారి దొరక్క వెళ్ళిపోయారు. నేను చూశాను. చూసి కూడా నా మాట ఆపలేదు, అదే ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటోంది.

అందరూ పక్క వరసలోకి వెళ్ళాక ఆ స్టాల్ ఆయన నన్ను పిలిచి, "ఆవిడ వారం వారం కొనే మనిషండీ, మీరు నిలబడ్డ ఇరవై నిమిషాలూ నాకు బేరం లేదు, మీవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు గానీ చేప కొనరు కదా" అన్నారు. తిట్టినా బాగుండేది, చాలా మర్యాదగా అన్నారు.

బాధ ఏంటంటే ఈ సంగతి నాకు తెలియంది కాదు. వాక్‌లో నేనే కథలా చెప్తుంటా, బార్సిలోనాలో లా బొకెరియా మార్కెట్‌కి 2015లో ఒక రూల్ పెట్టారు, శుక్ర శనివారాల్లో పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 3 దాకా 15 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న టూరిస్ట్ గ్రూపులు రాకూడదని, ఎందుకంటే ఇంటికి సరుకులు కొనుక్కునే వాళ్ళకి లోపల కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. టోక్యోలో అయితే హోల్‌సేల్ చేపల మార్కెట్ 2018 అక్టోబర్‌లో త్సుకిజీ నుంచి తొయోసుకి మారాక ట్యూనా వేలం పైనుంచి చూడాల్సిందే, దగ్గరగా చూసే డెక్ మీదకి వెళ్ళాలంటే లాటరీలో పేరు రావాలి. ఇవన్నీ నోటితో చెప్తూ, ఇక్కడ 22 మందిని వెంటేసుకుని శనివారం పూట అడ్డంగా నిలబెట్టింది నేనే.

అందుకని శనివారం మార్కెట్ వాక్ ఇక ఉండదు. మంగళ, గురువారాలు మాత్రమే, ఒక్కో గ్రూపులో 8 మంది, అంతకు మించి ఒక్కరు కూడా కాదు. ఇంకోటి, సంచీ తెచ్చుకోండి, ఏదో ఒకటి కొనండి. గుప్పెడు ఆకుకూరైనా సరే. ఆగిన చోట కొనకుండా మాటలు మాత్రం పట్టుకెళ్ళడం నాకు ఇక నచ్చట్లేదు.

కేఫ్‌ల విషయంలో కూడా తప్పు నాదే. మూడు గంటల్లో ఆరు కేఫ్‌లు అని గొప్పగా పెట్టాం. ఎస్ప్రెస్సో అంటే 9 బార్ల ఒత్తిడి (మామూలు గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్లు) మీద, సుమారు 25 నుంచి 30 సెకన్లలో దిగే కాఫీ, పైన తేనె రంగులో సన్నటి నురగ, దాన్నే క్రేమా అంటారు, కాసేపట్లోనే చెదిరిపోతుంది. ఇటలీలోని మిలాన్‌లో అకిల్లె గజ్జా అనే ఆయన 1938లో తన కాఫీ మిషన్‌కి పేటెంట్ పెట్టాడు, ఆయన కాఫీ దింపే పద్ధతితోనే ఆ నురగ వచ్చింది. మనం ఇరవై కప్పులు ట్రేలో పేర్చి ఫోటో తీసుకుని తాగేసరికి నురగా లేదు వేడీ లేదు, చివరి పదిమంది తాగింది నిజానికి చల్లారిన చేదు నీళ్ళు. ఇకమీద రెండే కేఫ్‌లు, అదీ వాళ్ళకి రష్ లేని టైమ్‌లో. ఒకచోట కూర్చుని కప్పింగ్ చేద్దాం, అంటే కాఫీ వాసన, రుచి పరీక్షగా చూడటం. 150 మిల్లీలీటర్ల వేడినీళ్ళకి 8.25 గ్రాముల పొడి, నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేస్తే పైన పొడి మందంగా తెట్టులా కడుతుంది, స్పూన్ వెనకవైపుతో దాన్ని పక్కకి నెడుతూ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. ఆ ఒక్క క్షణం కోసం పొద్దున్నే లేచి రావచ్చు, నిజంగా.

రెస్టారెంట్ల గురించి రెండు విషయాలు ఒప్పుకోవాలి. మొదటిది కమిషన్. రెండు రెస్టారెంట్ల నుంచి మనిషికింత అని తీసుకునేవాళ్ళం, మీకు ఎప్పుడూ చెప్పలేదు. అవి చెడ్డ చోట్లు కాదు, కానీ ఒకదాన్ని లిస్టులోంచి ఎప్పుడో తీసేయాల్సింది, కమిషన్ వల్లే ఉంచాం. ఈ నెలతో ఆపేశాం, అక్కడికి తీసుకెళ్ళడం కూడా మానేశాం.

రెండోది ఇంకా సీరియస్. హమ్మస్ (ఉడికించిన శనగల ముద్ద) తినిపించే స్టాప్‌లో, నువ్వులు పడవు అని ఫారంలో స్పష్టంగా రాసిన ఒక కస్టమర్ ముందు కూడా హమ్మస్ గిన్నె పెట్టేశారు. హమ్మస్‌లో తహీనీ ఉంటుంది, తహీనీ అంటే నువ్వుల ముద్దే. ఆవిడే ఆగి అడిగారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే చేతులు వణుకుతాయి. వంటగది తప్పు ఏం లేదు, ఫారం నా ఫోన్‌లో ఉంది, వాళ్ళకి పంపింది లేదు. నువ్వులు అంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, యూరప్‌లో కస్టమర్‌కి తప్పకుండా చెప్పాల్సిన 14 అలర్జెన్లలో (అలర్జీ తెప్పించే పదార్థాల్లో) అవీ ఉన్నాయి, అమెరికాలో కూడా 2023 జనవరి 1 నుంచి తొమ్మిదో అలర్జెన్‌గా చేర్చారు. ఇక నుంచి మీ అలర్జీ వివరాలు ముందురోజు సాయంత్రమే ప్రతి వంటగదికీ వెళ్తాయి, చూశామని వాళ్ళ దగ్గర్నుంచి జవాబు రాకపోతే ఆ స్టాప్ ఉండదు.

అలాగే మా పేజీలో "అథెంటిక్" అన్న మాట తీసేశాం, అచ్చం ఆ దేశంలో ఉన్నట్టే అనడం పూర్తిగా నిజం కాదు. థాయ్‌లాండ్ ప్రభుత్వమే 2002లో గ్లోబల్ థాయ్ అని ప్రోగ్రామ్ పెట్టి ప్రపంచమంతా థాయ్ రెస్టారెంట్లు పెరిగేలా చూసింది. సుషీ పక్కన పెట్టే పచ్చటి ముద్ద చాలాచోట్ల వసాబీ అనే జపాన్ మొక్క నుంచి వచ్చింది కాదు, హార్స్‌ర్యాడిష్ అనే ఇంకో ఘాటైన దుంపకి రంగు కలిపింది. అయినా ఆ వంటవాళ్ళ పనితనం తక్కువేం కాదు. ఏది ఎక్కడ్నుంచి వచ్చిందో, ఇక్కడికొచ్చి ఏం మారిందో ఉన్నది ఉన్నట్టు చెప్తాం, అంతే.

ఇక డబ్బు సంగతి. 22 మంది పంచుకున్న ఖర్చు 8 మంది మీద పడుతుంది కాబట్టి టికెట్ పెరుగుతుంది, దాచేదేం లేదు, గైడ్ల జీతం మాత్రం కోయను. ఇప్పటికే బుక్ చేసుకున్న వాళ్ళకి పాత రేటే. పెద్ద గ్రూపుగా బుక్ చేసిన వాళ్ళు రెండు రోజులకి విడిపోయి రావచ్చు, లేదా మొత్తం రీఫండ్ తీసుకోండి, ఏదైనా ఈ శుక్రవారం లోపు మెసేజ్ పెట్టండి.

మొదటి వాక్ వచ్చే నెల మొదటి మంగళవారం, పొద్దున 7:30కి మార్కెట్ గేటు దగ్గర. ఆ చేపల స్టాల్ ఆయన్ని వెళ్ళి అడిగాను, 8 మందైతే రమ్మన్నారు, చేప ఎలా కోస్తారో ఆయనే చూపిస్తానన్నారు. మధ్యలో ఎవరైనా సంచీ పట్టుకుని వస్తే మాత్రం మనం పక్కకి జరుగుదాం, వాళ్ళు కొనుక్కుని వెళ్ళాకే మిగతాది.