బడి గేటు ముందు గుగ్గిళ్ల బండికి చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

సాయంత్రం బడి వదిలే వేళకు మా పట్టణంలోని ఉన్నత పాఠశాల గేటు ముందు ఐదు రూపాయల చిప్సు పొట్లాలు, కూల్ డ్రింకులు, మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో వేయించిన బజ్జీలు తప్ప మరేమీ దొరకవు. మధ్యాహ్నం తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. రాత్రి భోజనానికి ఇంకా చాలా సమయం ఉంటుంది. అలాంటప్పుడు చేతిలో పది రూపాయలున్న పిల్లలు ఎదురుగా ఉన్నదే కొంటారు. వాళ్లను ఎందుకు తప్పుపట్టాలి?

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడికి 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. ఇక్కడ దుకాణాలు ప్రహరీ గోడను ఆనుకునే ఉన్నాయి. చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములు దాటకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పావు లీటరు కోలా తాగితే ఆ హద్దు అక్కడికక్కడే దాటిపోతుంది.

అయితే దుకాణాలు ఎత్తివేసినంత మాత్రాన పిల్లల ఆకలి తీరదు. పైగా ఆ బండ్ల మీద బతికేవాళ్లూ పేదలే. అదే చోట, అదే ధరకు మంచి తిండి దొరకాలి. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపిన శనగ గుగ్గిళ్లు, ఉడికించిన పల్లీలు, నువ్వుల ఉండలు, మరమరాలు, కాలాన్ని బట్టి మొక్కజొన్న పొత్తులు, చిలగడదుంపలు మనకు కొత్తవి కావు. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. జామకాయలో సి విటమిన్ నారింజలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంత మంచి తిండి పండే నేల మీద మన పిల్లలు రంగు పొట్లాలతో కడుపు నింపుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

2025లో పదో తరగతి ప్రత్యేక తరగతులకు వచ్చే విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం రోజుకు తలా 15 రూపాయల చొప్పున ఖర్చుపెట్టి, ఉడికించిన పెసలు, శనగలు, పల్లీలు బెల్లం వంటివి పెట్టించింది. పరీక్షల ముందు కొద్ది వారాలకే దాన్ని పరిమితం చేయడం ఎందుకు? ఎదిగే వయసు ఆరో తరగతి పిల్లలదీ కదా!

జూన్‌లో బడులు తెరిచే నాటికి ప్రతి ఉన్నత పాఠశాల గేటు దగ్గర మహిళా సంఘాలకు ఒక బండి పెట్టుకునే చోటు కేటాయించాలి. ఇప్పుడు అక్కడున్న చిరు వ్యాపారులు సరుకు మార్చుకోవడానికి ముందుకొస్తే మొదటి అవకాశం వారికే ఇవ్వాలి. 50 మీటర్ల నిబంధన అమలు బాధ్యతను మున్సిపల్ కమిషనర్లకు, పంచాయతీ కార్యదర్శులకు పేరుపేరునా అప్పగించాలని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తల్లి, నల్లగొండ జిల్లా