ఎగ్మూరు దాకా వెళ్లి అమరావతిని చూడరా?

సంపాదకుడు గారికి,

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చెన్నై చిత్రశాలల మీద వేసిన పేజీ చదివాను. నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను, వీలుపడలేదు. ఒక్క రోజులో అన్నీ చుట్టి రావచ్చని చెప్పే ఆ వ్యాసంలో ఎగ్మూరు మ్యూజియానికి దక్కినవి మూడే వాక్యాలు. భవనం ఎర్రగా ఉంటుందట, రవివర్మ చిత్రాలున్నాయట, కంచు నటరాజును చూడకుండా రావద్దట. ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ మీద పెద్ద పేరా! అదే ఆవరణలో మన అమరావతి స్తూపం శిల్పాలకు ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. దాని ఊసే లేదు. రాసినవారు తెలుగువారు, చదివేది గుంటూరు, విజయవాడ జనం. ఇక ఆ శిల్పాల గురించి మనకు ఎవరు చెప్పాలి?

పైగా శుక్రవారం ఉదయం రైలు దిగి నేరుగా ఎగ్మూరు వెళ్లమని సలహా ఇచ్చారు. శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవు. మీ పేజీని నమ్మి పిల్లలతో వెళ్లినవాళ్లు గేటు చూసి తిరిగిరావాలి. పూర్వం పత్రికల్లో ఇలాంటివి సరిచూసేవారు ఒకరు ఉండేవారు.

ఆ గ్యాలరీలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రని ఫలకం ఉంది. మదమెక్కిన ఏనుగు వీధిలో పడి ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. ఆడవాళ్లు హడలిపోతున్నారు, మేడల మీది జనం తొంగిచూస్తున్నారు. పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ముందు జరిగిందీ, తరువాత జరిగిందీ ఒకే వలయంలో ఇమిడ్చాడు ఆ శిల్పి. పలనాటి సున్నపురాతిలో, పద్దెనిమిది వందల ఏళ్ల కిందట! నటరాజు గొప్పవాడే, కాదనను. కానీ ఈ ఫలకం దగ్గర ఆగకుండా వెళ్లిన తెలుగువాడు ఎగ్మూరులో ఏం చూసినట్టు?

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే స్తూపాన్ని తవ్వి రాళ్లు తీస్తున్నారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. వాటిలో చాలావాటిని 1859లో ఓడెక్కించి లండన్‌కు పంపారు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తెల్లవాళ్లను తిట్టడం తేలిక. ఆ రాళ్లను ఊళ్లో కట్టడాలకు వాడుకున్నదీ, కాల్చి సున్నం చేసుకున్నదీ మనవాళ్లే. ఆ మాటా రాయాలి కదా.

ఇక మన అధికారుల సంగతి. రాజధానికి అమరావతి పేరు పెట్టుకున్నాం. స్తూపం ఉన్న ఊరు మాత్రం 2022 జిల్లాల విభజనలో పల్నాడుకు వెళ్లింది. చెన్నైలో, లండన్‌లో ఉన్న శిల్పాల నిలువెత్తు ఫొటోలతో గుంటూరులో ఒక హాలు ఏర్పాటు చేయకూడదా అని ఒక కార్యాలయంలో అడిగితే, “అది ఇప్పుడు మా జిల్లా కాదండీ” అన్నారు. బుద్ధుడికీ సరిహద్దు రాళ్లు పాతారన్నమాట! కళాభిమానం మాత్రం ఎవరికీ తక్కువ లేదు. మంత్రిగారు వచ్చే దారిలో రాత్రికి రాత్రే గోడల మీద స్తూపాలూ పద్మాలూ వెలుస్తాయి. వారం తిరగకుండా వాటి మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు వెలుస్తాయి. ర్యాంకర్ల ఫొటోలే మన చిత్రశాల. ఇక్కడి చిత్రకారుడు నాలుగు బొమ్మలు ప్రదర్శించాలంటే ముహూర్తాలు లేని రోజు చూసుకుని కల్యాణమండపం అద్దెకు తీసుకోవాలి. వంటశాల పక్కన హాలైతే కాస్త చవక.

చెన్నై వెళ్లవద్దని నేననను. తప్పకుండా వెళ్లాలి, చోళమండలం కూడా చూడాలి. 1966లో కళాకారులు తమ చేతిపనులు అమ్ముకుని, ఆ డబ్బు కూడబెట్టి కట్టుకున్న ఊరది. ఏ కార్యాలయం చుట్టూ తిరిగి ఉంటే అది లేచేది?

మీరు చేయగలిగింది ఒకటుంది. రెండో పేజీ వేయండి. విలేఖరిని గుంటూరు బస్టాండులో అమరావతి బస్సు ఎక్కించండి. అక్కడ పురావస్తు శాఖ మ్యూజియంలో మిగిలిన శిల్పాలున్నాయి, పక్కనే స్తూపం దిబ్బ ఉంది. ముందు అవి చూసి, ఆ తరువాత ఎగ్మూరు వెళ్లమనండి. కాఫీ ఖర్చు కావాలంటే నేను పంపిస్తాను.

భవదీయుడు,
ఒక పాత చందాదారు,
బ్రాడీపేట, గుంటూరు