22 రోజులైంది, నా ట్రాక్టర్‌ను ఒక్కరూ నడిపి చూడలేదు

కస్టమర్ కేర్ ముఖ్య అధికారి గారికి,

నర్సంపేట దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. ట్రాక్టర్ ఇంజన్ మిస్ కొడుతోందని మీకు మొదటిసారి ఫోన్ చేసి 22 రోజులైంది. ఇంజన్ అన్నాక రిపేరు వస్తుంది, దానికి నాకు కోపం లేదు. ఇన్ని రోజుల్లో మీ వాళ్లు ఒక్కరంటే ఒక్కరు సీటెక్కి దాన్ని మడిలో నడిపి చూడలేదు. నా బాధంతా అదే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ తేడా ఉండదు. రొటవేటర్ దింపి గంటసేపు కరిగెట (నాటుకు ముందు బురద దుక్కి) దున్నాక మొదలవుతుంది. దుగ్ దుగ్‌మని పోతున్న చప్పుడులో మధ్యమధ్య ఒక దెబ్బ తప్పిపోతుంది, స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది, సైలెన్సర్ తెల్లపొగ కక్కుతుంది. పది నిమిషాలకు దానంతట అదే సర్దుకుంటుంది. ఈ మాట మీ టోల్‌ఫ్రీ నంబర్‌కు 11 సార్లు చెప్పాను. ప్రతిసారీ కొత్త గొంతు, మళ్లీ ఛాసిస్ నంబర్ దగ్గర్నుంచి మొదలు. ఒకరోజు సరిగ్గా మిస్ కొడుతుండగానే ఫోన్ చేసి, "మీరే వినండి మేడం" అని ఫోన్‌ను బానెట్ దగ్గర పెట్టాను. "సార్, అక్కడ సౌండ్ ఎక్కువగా ఉంది, పక్కకు వెళ్లి మాట్లాడండి" అన్నారు. నేను బురదలో నిలబడి వినమన్నదే ఆ సౌండ్!

బండి తీసుకురమ్మంటే దాదాపు 40 కిలోమీటర్లు నడుపుకుంటూ వరంగల్ షోరూంకు వెళ్లాను. సాయంత్రం అప్పగించాను. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌ను ఐదు నిమిషాలు స్టార్ట్‌లో ఉంచి, "ఏం లేదన్నా, డీజిల్ కల్తీ అయ్యుంటది" అన్నాడు అక్కడి అబ్బాయి. సరేనని ట్యాంకు ఖాళీ చేసి వేరే బంకులో పోయించాను. డీజిల్ ఫిల్టర్ మార్పించి, లైన్లో గాలి తీయించాను. డీజిల్‌లోని నీళ్లు దిగే గిన్నె ఖాళీ చేశాను. ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోయినా డీజిల్ సరిగా అందదంటే అదీ శుభ్రం చేశాను. మూడో రోజు మళ్లీ అదే తంతు. ఆ సాయంత్రమే మీ నుంచి మెసేజ్: 'మీ ఫిర్యాదు పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి.' ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు?

మా నర్సంపేట మెకానిక్ చెప్పింది పావుగంట పని. మిస్ కొడుతున్నప్పుడే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలో ఒక్కోదాని పైపు నట్టు కొంచెం వదులు చేయాలి. బాగున్న సిలిండర్‌ది వదిలితే ఇంజన్ వేగం పడిపోతుంది. ఏది వదిలినా చప్పుడు మారదో ఆ సిలిండర్ మండడం లేదన్నమాట. ఆ నాజిల్‌ను పక్కదానితో మార్చి చూడాలి. మిస్సింగ్ కూడా దానితోపాటే పక్క సిలిండర్‌కు మారితే తప్పు నాజిల్‌ది, లేదంటే పంపూ వాల్వులూ చూసుకోవాలి. కానీ బయటివాళ్ల పానా పడితే వారంటీ పోతుందని మీ షోరూంలోనే అన్నారు. అందుకే ఆ నట్టు ఇప్పటికీ ముట్టుకోనివ్వలేదు. మీరు చేయరు, చేసేవాళ్లను చేయనివ్వరు.

మా బాపు కొన్న మొదటి ట్రాక్టర్ మీ కంపెనీదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఎన్ని మిర్చి బస్తాలు మోసిందో లెక్కలేదు. నా మాట మీద మా ఊళ్లో ముగ్గురు మీ బండే తీసుకున్నారు. మొన్న నాలుగో ఆయన అడిగితే వద్దనే చెప్పాను. చెప్పి వచ్చాక ఆ రాత్రి అన్నం సయించలేదు.

నారు పోసి 30 రోజులు దాటింది. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ పెడుతుందని మీకు తెలియకపోవచ్చు, మాకు తెలుసు. 4 ఎకరాలు కిరాయి ట్రాక్టర్‌తో చేయించాను, ఆ డబ్బు ఎవరిస్తారు? వారంలోగా మెకానిక్ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేయొచ్చు. ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చి బండిని మీ షోరూం గేటు ముందే పెడతాను.

ఇక ఫోన్లు వద్దు, మనిషిని పంపండి. పొద్దున్నే కాదు, పది దాటాక రమ్మనండి. అప్పటికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది.

ఇట్లు,
మీ ట్రాక్టర్ కొన్న రైతు,
నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా