బట్టల కొట్లో మాకూ ఒక స్టూలు కావాలి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను రాజమహేంద్రవరం తాడితోటలోని ఒక చీరల దుకాణంలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్నాను. వయసు నలభై మూడు. ఉదయం తొమ్మిదిన్నరకు కౌంటరు వెనక నిలబడితే రాత్రి తొమ్మిది దాకా అక్కడే. భోజనానికి ఇచ్చే అరగంట తప్ప కూర్చోవడం ఉండదు. కూర్చుంటే కొనడానికి వచ్చినవారికి మర్యాద తగ్గించినట్టు అవుతుందని అంటారు. కిందటి ఆషాఢం తగ్గింపు అమ్మకాలప్పుడు నా కాలికి జరిగింది నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఎడమ చీలమండ లోపలి పక్క దురద పెడితే రెండో కాలి మడమతో రుద్దుకున్నాను. కాసేపటికి కుచ్చిళ్లు తడిగా తగిలాయి. కిందికి చూస్తే గచ్చంతా రక్తం. పైకి నీలంగా కనిపించే నరంలోంచి ముదురు ఎరుపు రక్తం సన్నటి ధారగా చిమ్ముతోంది. తోటి అమ్మాయిలు కంగారుపడి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి పైన గుడ్డతో బిగించి కట్టారు. రక్తం ఆగలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. పెళ్లి చీరలకని వచ్చిన ఒక పెద్దావిడ, నర్సుగా చేసి రిటైరయ్యారట, గబగబా వచ్చి ఆ కట్టు విప్పించారు. నన్ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలిని చీరల మూటల మీదికి ఎత్తించి, మడతపెట్టిన గుడ్డతో సరిగ్గా గాయం మీదే అదిమి పట్టుకున్నారు. పది నిమిషాలకు ఆగింది. ఆ తల్లిది ఏ ఊరో అడగలేకపోయాను.

ఆరేళ్లుగా నా కాళ్ల మీద నరాలు పురికొసల్లా తేలి ఉన్నాయి. పొద్దుగుంకేసరికి పిక్కలు బరువెక్కేవి, పాదాలు వాచేవి. మా వీధిలో వైద్యం చేసే ఆయన నరాల బలహీనత అని చెప్పి బి కాంప్లెక్స్ బిళ్లలు ఇచ్చారు. రెండేళ్లు మింగాను. పొరపాటు ఆయన ఒక్కరిదే అనలేను. మనం రక్తం మోసే గొట్టాన్నీ నరమే అంటాం, మెదడు నుంచి కబురు మోసే తీగనూ నరమే అంటాం. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదంటాం, నడుములో నరం పట్టేసిందంటాం. ఈ రెండూ వేర్వేరు. నా కాలిలో చెడినవి సిరలు, అంటే ఒంట్లో తిరిగిన రక్తాన్ని మళ్లీ గుండెకు చేర్చే నాళాలు. డాప్లర్ స్కానింగ్ చేసిన డాక్టరు గారు ఆ మాట చెప్పేదాకా నాకు తెలియదు. వెరికోస్ వెయిన్స్ అన్నారు.

మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. ఇంటికి వచ్చాక నా చేతి మీదే చూపించింది. చేయి కాసేపు కిందికి వేలాడదీయమంది. ముంజేతి మీద సిర ఉబ్బగానే ఒకచోట వేలితో నొక్కిపెట్టి, రెండో వేలితో మోచేతి వైపుగా రక్తాన్ని నెట్టేసి ఆ వేలు తీసేసింది. ఆ ముక్క ఖాళీగానే ఉంది. పై నుంచి రక్తం వెనక్కి దిగలేదు. కింద నొక్కిన వేలు తీయగానే క్షణంలో నిండింది. 1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు రక్తం ఒంట్లో చుట్టూ తిరుగుతుందని చెప్పినప్పుడు, ఇలాంటి పరీక్షనే బొమ్మలతో సహా అచ్చువేశాడని చెప్పింది. రక్తాన్ని అలా ఆపేవి సిరల లోపలి కవాటాలు. రెండేసి రెక్కలుంటాయి, పైకి పోయే రక్తానికి తెరుచుకుంటాయి, కిందికి జారబోతే మూసుకుంటాయి. మా పుట్టిల్లు ధవళేశ్వరం. కాలువ లాకుల్లో జంట తలుపులు నీటిని ఆపి పట్టడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు వెంటనే బోధపడింది.

లాకు తలుపులు ఉన్నంత మాత్రాన పడవ ముందుకు పోదు కదా. చీలమండ నుంచి గుండె దాకా మూడడుగులకు పైనే ఎక్కాలి, గుండె తోపు కాళ్ల సిరల దాకా వచ్చేసరికి చాలా తగ్గిపోతుంది. అక్కడ రక్తాన్ని ఎత్తిపోసేది పిక్క. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరలను పిండుతుంది, రక్తం ఒక మెట్టు ఎక్కుతుంది, వెనక కవాటం మూసుకుంటుంది. బీపీ చూసే లెక్కలోనే చెబితే, కదలకుండా నిలబడినప్పుడు చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 90 దాకా ఉంటుంది. నడుస్తుంటే 30కి, ఇంకా కిందికి పడిపోతుంది. ఏళ్ల తరబడి రోజంతా ఆ 90 మోస్తే సిర సాగిపోవచ్చు, రెక్కలు ఒకదానికొకటి అందవు, రక్తం వెనక్కి కారి అక్కడే నిలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే, కాన్పులైతే, ముప్పు ఇంకా ఎక్కువ. నాకు ఆ రెండూ ఉన్నాయి, నిలబడే ఉద్యోగం వాటికి తోడైంది. మోకాలి పైన కట్టిన గుడ్డ ఎందుకు చెరుపు చేసిందో కూడా అప్పుడు తెలిసింది. పైకి పోయే దారి మూసుకుపోయింది, లోతుగా ఉండే ధమని మాత్రం కిందికి రక్తం దింపుతూనే ఉంది.

కేరళలో విజి అనే దర్జీ కోళిక్కోడ్ దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. నిలబడి పనిచేసేవారికి వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 44వ సెక్షన్‌లో చెప్పింది. ఫ్యాక్టరీ కార్మికుల కాళ్లకు అక్కరకొచ్చిన మాట మా కాళ్లకు ఎందుకు పనికిరాదు? మన రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు ప్రతి అంతస్తులో సీట్లు ఉన్నాయో లేదో వచ్చి చూడాలని నా విన్నపం.

కూర్చుంటే మర్యాద తగ్గుతుందన్న మాట నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. నా పెళ్లి చీరలు కొన్న కొట్టులో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవారూ కూర్చున్నారు, మా అమ్మా నాన్నా కూర్చున్నారు. ఒక్కో చీర విప్పి ఒడిలోకి జార్చి చూపించారు. మా అమ్మ ఆ కొట్టు మర్యాదను ఇప్పటికీ తలుచుకుంటుంది. గాజు కౌంటర్లు వచ్చాకే మా కూర్చోవడం పోయింది.

రోజంతా కూర్చోబెట్టమని మేము అడగడం లేదు. కాళ్లు వేలాడేసి గంటల కొద్దీ కూర్చున్నా మంచిది కాదని డాక్టరు గారే చెప్పారు. కొనేవారు లేని వేళ పది నిమిషాలు కూర్చోనివ్వాలి, గంటకోసారి అంతస్తు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి రానివ్వాలి. నేను ఇప్పుడు పొద్దున్నే మంచం దిగకముందే బిగుతు మేజోళ్లు తొడుక్కుంటున్నాను, కౌంటరు వెనక మునివేళ్ల మీద లేచి దిగుతున్నాను. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతి కొత్తగా చేరింది. పోయిన వారం తన మోకాలి వెనక సన్నటి నీలి గీతలు చూపించి ఇవేమిటక్కా అని అడిగింది.

మా యజమాని గారు ఈ మధ్య రెండు స్టూళ్లు తెప్పించారు. అందుకు ఆయనకు మనసారా కృతజ్ఞతలు. మా అంతస్తులో పద్దెనిమిది మందిమి ఉన్నాం. మిగిలినవి కూడా శ్రావణ మాసం రద్దీ మొదలయ్యేలోపే వేయించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
చీరల దుకాణం ఉద్యోగిని,
రాజమహేంద్రవరం