ఆ రోజు పొద్దున ఫోన్ చేసింది నేనే

మల్కాజ్‌గిరి,
ఆదివారం రాత్రి

బిడ్డా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది. చెల్లి పరీక్షలు అయిపోయాయి. ఫోన్‌లో చెప్పొచ్చు కదమ్మా అంటావు. చెప్దామనే రెండుసార్లు నీ నంబరు తీశాను. నువ్వు ఆ సమయానికి బండి మీద ఉంటావేమోనని ఆగిపోయాను. అందుకే కాగితం మీద రాసి, మామయ్య తెచ్చే మామిడికాయ తొక్కు సీసాతో పాటు పంపుతున్నాను.

బుధవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. యాక్టివా నా పేరు మీదే ఉంది కాబట్టి చలాన్ నాకే వస్తుంది. నో పార్కింగ్ అయ్యుంటుందిలే అనుకుని తెరిచాను. సెల్‌ఫోన్ డ్రైవింగ్ అని ఉంది. వెయ్యి రూపాయలు, యూజర్ ఛార్జీ ఇంకో 35. కింద ఫోటో. కొత్తగూడ దగ్గర, దసరాకు కొన్న నీలం చొక్కాలో నువ్వు. ఫోన్‌ను హెల్మెట్‌కూ చెంపకూ మధ్య దూర్చావు. మెడ ఒక పక్కకు వంచావు. ఆ పక్కనే సిటీ బస్సు వెనక చక్రం. నీకూ ఆ చక్రానికీ మధ్య మూరెడు జాగా ఉందో లేదో.

నాకు ఆ చక్రం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అన్నం అట్లాగే వదిలేసి లేచాను.

ఎవరితో మాట్లాడుతున్నాడు వీడు, అంత తొందర ఎవరికి వచ్చింది అని ముందు కోపం వచ్చింది. ఫోటో మీద టైము చూశాను. సోమవారం ఉదయం 9:14. నా ఫోన్‌లో కాల్ లిస్టు తీశాను. సోమవారం 9:12కు నీకు ఫోన్ చేసింది నేనే. మూడు నిమిషాలు మాట్లాడాను. టిఫిన్ చేశావా అని అడిగాను. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. నాకు వినబడ్డాయి. వినబడినా పెట్టెయ్యలేదు. గ్యాస్ బుకింగ్ సంగతి కూడా అప్పుడే అడిగాను. నువ్వు బయల్దేరే సమయం అదేనని తెలిసీ, నాలుగు నెలలుగా దాదాపు రోజూ అదే వేళకు చేస్తున్నాను. నేను కోర్టుకు బయల్దేరే ముందు ఒక్కసారి నీ గొంతు వింటే నాకు నిమ్మళంగా ఉండేది. తప్పు నాది కూడా, బిడ్డా. ముందు అది ఒప్పుకుని తర్వాత నీకు చెప్తాను.

చలాన్ కట్టేశాను. డిస్కౌంట్ వచ్చేదాకా ఆగొచ్చు కదా అని నాన్న అన్నాడు. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబర్‌లో ఇంకోసారి పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు. రెండోసారి బైకులకు ఏకంగా 80 శాతం తగ్గించారు. అప్పటి నుంచి చాలామందికి చలాన్ అంటే పండగ ఆఫర్ కోసం ఆపుకునే బిల్లులాగా అయిపోయింది. అది మంచిది కాదని నా అభిప్రాయం. కట్టాల్సిన బాధ ఆ రోజే తెలియాలి. నీ వచ్చే నెల జీతంలోంచి ఈ 1,035 నాకు పంపు. మాఫీ చెయ్యను.

పోయింది వెయ్యి రూపాయలే కదా అనుకుంటావేమో. కోర్టులో పని చేస్తున్నాను కాబట్టి ఆ వెయ్యి వెనక ఏముందో నాకు తెలుసు. మోటారు వాహనాల చట్టంలో ఫోన్ పట్టుకుని బండి నడపడాన్ని పార్కింగ్ లాంటి చిన్న తప్పుల్లో వెయ్యలేదు. 184వ సెక్షన్‌లో వేశారు. దాని పేరే ప్రమాదకరంగా నడపడం. 2019లో చట్టం సవరించినప్పుడు రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో రావడం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం, ఈ మూడింటి పేర్లూ ఆ సెక్షన్‌లోనే విడిగా రాశారు. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళ లోపల మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా పది వేలు జరిమానా, లేదా రెండూ. చలాన్‌తో సరిపెడుతున్నారు కాబట్టి ఆ జైలు మాట మనకు కనబడటం లేదు, అంతే.

లైసెన్స్ సంగతి వేరే ఉంది. ఈ సెక్షన్ కింద పట్టుకుంటే పోలీసులు లైసెన్స్ తీసుకుని ఆర్టీఓ ఆఫీసుకు పంపొచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 21వ రూలు ఉంది. ఎవరెవరి లైసెన్స్ ఆపొచ్చో చెప్పే రూలు. తాగి నడపడంతో పాటు సెల్‌ఫోన్ కూడా ఆ జాబితాలోనే ఉంది. ఇలాంటి వాళ్ళ లైసెన్స్‌ను కనీసం మూడు నెలలు సస్పెండ్ చెయ్యండని సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

మరి మ్యాప్స్ చూడొద్దా అని అడుగుతావని తెలుసు. 2020 అక్టోబర్ 1 నుంచి దానికి వీలిచ్చారు. దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ నడిపేవాడి ధ్యాస చెదరకుండా. హ్యాండిల్‌కు స్టాండు బిగించి, బయల్దేరక ముందే అడ్రసు పెట్టుకుని వెళ్ళడం వేరు. ఫ్లైఓవర్ ఎక్కుతూ అడ్రసు టైపు చెయ్యడం వేరు. ఆ తేడా నీకు నేను చెప్పక్కర్లేదు. బ్లూటూత్ గురించి కూడా ఒక మాట. చట్టం 184లో రాసింది చేతిలో పట్టుకునే ఫోన్ గురించి. కానీ చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన మనసు ఖాళీగా ఉండదు. మేనేజర్ తిడుతుంటే చెవిలో ఏ యంత్రం ఉన్నా నీ కళ్ళు రోడ్డును చూస్తాయి కానీ, నువ్వు చూడవు.

ఇక అసలు ఈ ఉత్తరం రాయించిన విషయం చెప్తాను.

పోయిన నెల మా కోర్టులో ఒక తీర్పు వచ్చింది. ముద్దాయికి నీ వయసే ఉంటుంది. ఇంజనీరింగ్ అయ్యి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లాడు. 2022లో ఒక సాయంత్రం కారు నడుపుతూ ఫోన్ ఎత్తాడు. కూరగాయల బుట్టతో రోడ్డు దాటుతున్న ఒకామెను గుద్దాడు. ఆమె ఆసుపత్రికి చేరక ముందే పోయింది. నేను ఫోన్‌లో లేను, ఆమే అడ్డం వచ్చింది అని మొదట్లో అన్నాడు. పోలీసులు ఫోన్ కంపెనీ నుంచి కాల్ రికార్డు తెప్పించారు. ప్రమాదం జరిగిన నిమిషంలో కాల్ నడుస్తూనే ఉంది. సాక్ష్యంగా ఆ కాగితానికి ఎగ్జిబిట్ నంబరు వేసింది నేనే. 104 సెకన్ల కాల్. అవతలి నంబరు ఎవరిదో కూడా అందులో ఉంది. వాళ్ళమ్మది.

ఆమెను నేను మూడేళ్ళుగా చూస్తున్నాను. ప్రతి వాయిదాకూ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేది. వరండాలో బల్ల మీద ఒక చివర ఆమె, రెండో చివర చనిపోయినామె భర్త. వేరే బల్ల లేదు మరి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. ఒకసారి ఎండాకాలంలో ఆమె నీళ్ళ సీసా ఆయన వైపు జరిపింది. ఆయన తీసుకోలేదు. కాసేపటికి తీసుకుని తాగాడు.

మధ్యలో ఆ పిల్లాడి తండ్రి నా దగ్గరికి వచ్చి, ఎంతైనా ఇస్తాం, రాజీ చేసుకునే దారి లేదా మేడం అని అడిగాడు. లేదని చెప్పాల్సి వచ్చింది. మనిషి ప్రాణం పోయిన కేసులో రెండు పక్షాలూ ఒప్పుకున్నా చట్టం రాజీకి ఒప్పుకోదు. నష్టపరిహారం వేరు, అది ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. క్రిమినల్ కేసు మాత్రం ఆగదు. ఆ పిల్లాడు పై చదువుకు బయటి దేశం వెళ్దామనుకున్నాడు. క్రిమినల్ కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్టు రాదు. పిటిషన్ వేసుకుని అనుమతి తెచ్చుకునేసరికి సీటు పోయింది. నువ్వు జర్మనీ కాలేజీల లిస్టు పంపావే మొన్న, అది చదువుతుంటే నాకు ఆ పిటిషన్ గుర్తొచ్చింది.

చివరికి ఆరు నెలల శిక్ష పడింది. అప్పీలు కోసం శిక్ష ఆపారు, బెయిలు మీద ఉన్నాడు. అది పాత చట్టం, ఐపీసీ 304ఏ సెక్షన్ కింద కేసు. అందులో గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఇప్పుడు 106వ సెక్షన్. ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా కూడా. పాత చట్టంలో జరిమానాతో వదిలే వీలుండేది, ఇందులో ఆ వెసులుబాటు లేదు.

తీర్పు చదివాక జడ్జిగారు లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు పెరుగు తెమ్మని చేశానమ్మా," అంది. ఇంకేం అనలేదు. నాకు ఏం చెప్పాలో తెలియక ఫైళ్ళు సర్దుకున్నాను. ఇది జరిగాక కూడా, బిడ్డా, మర్నాడు 9:12కు నేను నీకు ఫోన్ చేశాను. ఆ ఇంటి సంగతి మన ఇంటి దాకా వస్తుందని నాకు తట్టనే లేదు.

2021లో మన దేశంలో ఫోన్ వాడుతూ నడపడం వల్ల 1,997 ప్రమాదాలు జరిగాయని, 1,040 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. అసలు లెక్క ఇంతకంటే ఎక్కువే ఉంటుందని కోర్టులో కూర్చున్న మనిషిగా నేను నమ్ముతాను. ప్రమాదం కాగానే ఫోన్ జేబులోకి పోతుంది, ఎఫ్ఐఆర్‌లో అతివేగం అని పడుతుంది.

చెల్లి చేత ఒక లెక్క వేయించాను. గంటకు 40 కిలోమీటర్ల స్పీడు అంటే సెకనుకు 11 మీటర్లు. నువ్వు మెసేజ్ ఎవరిదో చూద్దామని మూడు సెకన్లు కిందికి చూస్తే 33 మీటర్లు వెళ్ళిపోతావు. మన గేటు నుంచి మూల మీది కిరాణా కొట్టు దాకా దాదాపు అంతే ఉంటుంది. కళ్ళు మూసుకుని అంత దూరం బండి నడుపుతావా అని ఎవరన్నా అడిగితే వాళ్ళను పిచ్చివాళ్ళంటావు. చెల్లి లెక్క వేశాక తనే గేటు దాకా వెళ్ళి కొట్టు వైపు చూసి వచ్చింది. తన స్కూటీ డిక్కీలో ఫోన్ పెట్టడం ఆ రోజు నుంచే మొదలుపెట్టింది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తాను, అప్పుడు ఏమవుతుంది అని నాన్నతో ఒకసారి అన్నావట. గ్రీన్ పడగానే వెనకవాళ్ళు హారన్ కొడతారు, నువ్వు తల ఎత్తకుండానే యాక్సిలరేటర్ తిప్పుతావు. ఎదురుగా ఇంకా దాటుతున్న ముసలాయన ఉంటాడు. మన ఊళ్ళో గ్రీన్ పడ్డాక కూడా జనం దాటుతూనే ఉంటారు, నీకు తెలియనిది కాదు.

ఇప్పుడు మనిద్దరి మధ్య ఒక ఒప్పందం. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నేను నీకు ఫోన్ చెయ్యను. నాన్న కూడా చెయ్యడు, ఆయన చేత కూడా ఒట్టు పెట్టించుకున్నాను. ఆఫీసుకు చేరాక 'వచ్చాను' అని ఒక్క ముక్క పెట్టు. ఆలస్యమైనా నేను టెన్షన్ పడను. పడినా నీకు ఫోన్ చెయ్యను. నిజంగా అర్జంటు అయితే వరుసగా మూడుసార్లు రింగ్ ఇస్తాను. అప్పుడు కూడా ఎత్తకు. ఎడమ పక్కకు తీసుకుని, బండి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, అప్పుడు చెయ్యి. ఆ రెండు నిమిషాల్లో ఇక్కడ ఏమైనా నేను చూసుకుంటాను.

అమ్మ ఫోన్ చేస్తే ఎత్తకపోతే బాధపడుతుందని ఎత్తుతున్నావని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి నీది అదే గుణం. ఇక నుంచి ఎత్తకపోతేనే నాకు సంతోషం.

మామయ్య హెల్మెట్ కూడా తెస్తాడు. కొత్తది, చెంపల దగ్గర బిగుతుగా ఉంటుంది. దుకాణంలో నా ఫోన్ పెట్టి చూశాను, మధ్యలో దూరలేదు. అందుకే అది కొన్నాను. సైజు సరిపోకపోతే బిల్లు పారేయకు, మార్చి ఇస్తామన్నారు.

తొక్కులో ఈసారి ఉప్పు కాస్త ఎక్కువ పడింది, నెయ్యి వేసుకుని తిను.

ఇట్లు,
మీ అమ్మ