ఒరేయ్ బుజ్జీ, కాలు దక్కింది!

ఒరేయ్ బుజ్జీ,

రెండు నెలలుగా జవాబు రాయలేదు, ఏమీ అనుకోకురా. అమ్మ బీపీ అదుపులోనే ఉంది. చెల్లి పరీక్షలు అయిపోయాయి. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

రెండు వారాల కింద ఒక సోమవారం సాయంత్రం, 19 ఏళ్ల కుర్రాణ్ణి తెచ్చారు. ట్రాక్టరు ట్రక్కు చక్రం కాలి మీదుగా పోయింది. మోకాలి కింద నుంచి మడమ దాకా చర్మం మేజోడు లాగేసినట్టు ఊడింది. చీలమండ పైన తెల్లగా ఎముక. గాయం నిండా మట్టీ, గడ్డీ. అదృష్టం, ఎముక విరగలేదు, వేళ్లు వెచ్చగానే ఉన్నాయి.

ఆ రాత్రి థియేటర్లో సెలైన్ పోసి పోసి కడిగాం. ఏ కండ బతికుందో ఎలా తెలుస్తుందని అడుగుతావుగా? ఫోర్సెప్స్‌తో చిన్నగా గిల్లితే బతికున్న కండ ఉలిక్కిపడుతుందిరా! కోస్తే నెత్తురొస్తుంది. బూడిదరంగుకు తిరిగి, మెత్తబడి, గిల్లినా కదలనిదంతా తీసెయ్యాల్సిందే. ఉంచితే చీము పడుతుంది. అన్నీ అయ్యాక కుట్లు వెయ్యకుండా కట్టు కట్టి పంపాం. బయట వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని, "కుట్టకుండా వదిలేశారేంటి బాబూ, మా దగ్గర డబ్బు లేదనా?" అన్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది. మురికి లోపల ఉండగా కుట్టేస్తే కాలుకే ముప్పని, రెండు రోజుల్లో మళ్లీ శుభ్రం చేస్తామని అరగంట చెప్పాను.

గురువారం పెద్ద ఆపరేషన్. ఎముక మీది పొర పోయింది కాబట్టి ఉత్త చర్మం అతికిస్తే పట్టదు. అందుకని వీపు కండను పైన కాస్త చర్మంతో, రక్తనాళాలతో సహా తీసి, కాలి నాళాలకు మైక్రోస్కోపు కింద కుట్టారు. ఇలా నాళాలతో సహా తెచ్చి అతికించిన ముక్కను ఫ్లాప్ అంటాంరా. ఆ దారం వెంట్రుక కన్నా సన్నం! ఇప్పటి స్లోవేనియాలోని లుబ్లియానాలో గొడినా అనే డాక్టరు 532 కేసులు చూసి, దెబ్బ తగిలిన 72 గంటల్లోపు వేసిన ఫ్లాపుల్లో 0.75 శాతమే బతక్కుండా పోయాయని, ఆ తర్వాత మూడు నెలల్లోపు వేసినవాటిలో 12 శాతం పోయాయని 1986లో రాశాడు. ఆ ఏడాదే కారు ప్రమాదంలో చనిపోయాడట. ఎంత బాధేసిందో.

గంటగంటకీ ఫ్లాప్ చూసే డ్యూటీ నాది. ఒంటిగంటకు గులాబీ రంగులో ఉంది. రెండింటికి టార్చి వేస్తే ఊదా రంగు, అచ్చం మన కెమిస్ట్రీ సారు చొక్కా! (నీకే అర్థమవుతుంది.) సూదితో గుచ్చితే నల్లటి నెత్తురు. నెత్తురు లోపలికి వెళ్తోంది, తిరిగి రావడం లేదు. సిరలో గడ్డ. మా సర్జన్ సార్‌కి ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తారు. గంటలో థియేటర్లో ఉన్నాం. సిర విప్పి, గడ్డ తీసి, మళ్లీ కుట్టారు. నాళాన్ని నొక్కిపెట్టిన క్లాంపు వదలగానే ముందు నల్లగా, తర్వాత మెల్లగా... రంగు తిరిగిందిరా బుజ్జీ! మాస్కు వెనక ఏడ్చేశాను.

మిగతా కాలికి తొడ నుంచి పలచటి చర్మం తీసి పరిచాం. ఇవాళ ఐదో రోజు, కట్టు విప్పాం. దాదాపు అంతా పట్టింది. వాడు బొటనవేలు కదిపి చూపించాడు, వాళ్ల నాన్న వంగి దాన్ని ముట్టుకుని...

వార్డు నుంచి పిలుస్తున్నారు. నీ పచ్చ సైకిల్ సంగతి రాయి. ఉంటానురా.

నీ డాక్టరు